ఒకరి నుండి పలువురకు : నెట్‌వర్కులో బహుళ ప్రసార మార్గములు

2023 ఆగస్టు 23వ తేదీ సాయంకాలము 6 గంటల వేళ చంద్రయాన్-3 లోని విక్రమ్ ల్యాండరు చంద్రుని దక్షిణ ధ్రువమునకు చేరువ ప్రాంతమున దిగుచుండెను. ఆ దృశ్యమును చూచుటకు మా కళాశాలలోని మూడు భవనములలో, ప్రయోగశాలకు 40 మంది చొప్పున, 120 మంది విద్యార్థులు కంప్యూటర్ల ముందు కూర్చుండిరి. బొమ్మ కొంతసేపు నడచినది, పిదప ఆగినది, మరల కదలి మరల ఆగినది. చివరి నిమిషములలో తెరలపై గిరగిర తిరుగు చక్రము తప్ప మరేమియు లేదు. వరండా చివరనున్న గదిలో టెలివిజను ముందు చప్పట్లు మ్రోగినప్పుడు మాత్రమే ల్యాండరు క్షేమముగా దిగినదని మా విద్యార్థులకు తెలిసినది.

మరునాడు తరగతిలో ఒక విద్యార్థి ఇట్లు అడిగెను: "సార్, మేము 120 మందిమి చూడాలనుకున్నది ఒకే బొమ్మ కదా! దాన్ని 120 సార్లు ఎందుకు తెప్పించుకున్నాము?"

ప్రశ్న చిన్నది. కాని కంప్యూటరు నెట్‌వర్కులను నిర్మించినవారు ఎన్నో సంవత్సరములు ఆలోచించిన ప్రశ్న అదియే. ఒకే సమాచారమును, ఒకే సమయమున, పలువురకు పంపవలసి వచ్చినప్పుడు దానిని ఎట్లు పంపవలెను? ఈ వ్యాసములో దాని సమాధానమును పరిశీలింతము.

చిన్న లెక్క

నెట్‌వర్కులో సమాచారమంతయు ప్యాకెట్లుగా విభజింపబడి పోవును. ప్రతి ప్యాకెట్టు తలభాగమున పంపినవారి చిరునామా, చేరవలసినవారి చిరునామా ఉండును. ఒక నెట్‌వర్కు నుండి మరియొక నెట్‌వర్కునకు ప్యాకెట్లను దారి చూపి పంపు యంత్రమునకు రౌటరు అని పేరు.

ఆనాటి దృశ్యము స్పష్టముగా కనబడుటకు సెకనుకు 4 మెగాబిట్ల సమాచారము కావలసియుండెను. మెగాబిట్టు అనగా పది లక్షల బిట్లు. 120 కంప్యూటర్లు ఎవరి ప్రతిని వారు తెప్పించుకొనుటచే కావలసినది 120 × 4 = 480 మెగాబిట్లు. మా కళాశాలకు ఉన్న ఇంటర్‌నెట్టు తీగ సెకనుకు 100 మెగాబిట్లను మాత్రమే మోయగలదు. అనగా 25 మందికి మించి ఆ బొమ్మను చూచుటకు వీలులేదు. 120 మందియు ఒక్కసారిగా అడిగినందున ఎవరికిని సరిగా అందలేదు. దోషము తీగది కాదు, ఇస్రోది అసలే కాదు. పంపకపు పద్ధతిలో ఉన్నది.

మూడు విధముల పంపకము

మొదటి పద్ధతి ఉత్తరము వంటిది. ఒక ఉత్తరము, ఒక చిరునామా. పెండ్లి శుభలేఖలు నూరు పంపవలెనన్న నూరు కవర్లపై నూరు చిరునామాలు వ్రాయవలెను. దీనిని ఏక ప్రసారము, అనగా యూనికాస్ట్, అందురు. ఇంటర్‌నెట్టులో నడచు వ్యవహారములలో అధిక భాగము ఇట్టిదే.

రెండవది ఊరిలో వేయించు చాటింపు వంటిది. డప్పు మ్రోగిన వీధిలో ప్రతి ఇంటివారును వినవలసినదే. పని ఉన్నవారును, లేనివారును, నిద్రించుచున్న పసిపాపయు. ఇది సర్వ ప్రసారము, అనగా బ్రాడ్‌కాస్ట్. ఒక గదిలోని కంప్యూటర్ల మధ్య ఇది ఉపయోగకరమే. కాని దీనిని రౌటర్లు దాటనిచ్చిన యెడల ప్రపంచములోని ప్రతి కంప్యూటరు ప్రతి చాటింపును వినవలసి వచ్చును. కావున రౌటర్లు దీనిని తమ గుమ్మము దాటనీయవు.

మూడవది మాసపత్రిక చందా వంటిది. ఒక పత్రిక హైదరాబాదులో అచ్చగుచున్నదని ఊహింపుడు. విజయవాడకు ఒక కట్ట రైలులో పోవును. అచ్చట దానిని విప్పి తెనాలి వైపునకు కొన్ని, గుడివాడ వైపునకు కొన్ని పంపుదురు. గుడివాడ ఏజెంటు తన ఊరి చందాదారులకు పంచును. పత్రిక కార్యాలయము వారికి గుడివాడలో చందాదారులెవరో తెలియనక్కరలేదు. అది ఏజెంటునకు తెలిసిన చాలును. ఏదైన ఊరిలో చందాదారు ఒక్కడును లేకున్న, ఆ ఊరికి కట్టయే పోదు.

ఈ పోలికలో ఒక్క భేదము కలదు, అది చాల ముఖ్యమైనది. పత్రిక కట్టలో ఎందరు చందాదారులో అన్ని ప్రతులు ఉండవలెను. కాని విజయవాడలోని ఏజెంటు వద్ద, వచ్చిన ప్రతిని తక్షణమే మరల అచ్చువేయగల యంత్రమున్నచో, హైదరాబాదు నుండి ఒక్క ప్రతి పంపిన చాలును. రౌటరు అట్టి యంత్రము. బిట్లను నకలు తీయుటకు దానికి కాగితము అక్కరలేదు. కావున ప్రతి తీగపైనను ఒకే ప్రతి ప్రయాణము చేయును. దారులు చీలిన చోట మాత్రమే నకలు తీయబడును. ఇదియే బహుళ ప్రసారము, అనగా మల్టీకాస్ట్. మా 120 మందికి ఈ పద్ధతిలో ప్రతి తీగపైన పట్టు భారము 480 మెగాబిట్లు కాదు, 4 మెగాబిట్లు మాత్రమే.

సంఘమునకు చిరునామా

ఈ పద్ధతిని ఇంటర్‌నెట్టునకు తగినట్లు రూపొందించినవాడు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో పరిశోధన చేసిన స్టీవ్ డీరింగ్. రౌటర్లకు ఇరువైపుల నున్న కంప్యూటర్లు ఒక సంఘముగా కలసి పనిచేయుటకు మార్గమును వెదకుచు ఆయన ఈ ఆలోచనను పెంపొందించెను. 1988లో పరిశోధన పత్రము వెలువడినది. 1989లో దానికి సంబంధించిన ప్రమాణ పత్రము ఆర్.ఎఫ్.సి. 1112 అను పేర ప్రకటింపబడినది.

డీరింగ్ ఆలోచనలోని మొదటి అంశము చిరునామా. ఇంటర్‌నెట్టు నాలుగవ ప్రమాణములో చిరునామా 32 బిట్ల సంఖ్య. ఇందు మొదటి నాలుగు బిట్లు 1110 అని ఉన్న సంఖ్యలన్నియు బహుళ ప్రసారమునకు ప్రత్యేకింపబడినవి. మన వాడుక రీతిలో వ్రాసిన 224.0.0.0 మొదలు 239.255.255.255 వరకు గల చిరునామాలు ఇవి. మిగిలిన 28 బిట్లతో ఏర్పడు సంఖ్యలు 2 యొక్క 28వ ఘాతము, అనగా 26,84,35,456.

ఈ చిరునామా ఏ ఒక్క కంప్యూటరునకును చెందినది కాదు. అది ఊరి పేరు వంటిది కాదు, సంఘము పేరు వంటిది. 239.1.1.1 అను చిరునామాకు ఒక ప్యాకెట్టు పంపినచో, ఆ సమయమున ఆ సంఘములో ఎవరు చేరియుందురో వారందరికిని అది అందవలెను. పంపువాడు సభ్యుల పట్టికను ఉంచుకొనడు; సభ్యులు పంపువానికి చెప్పి చేరరు. సంఘములో చేరుటయు, విడచుటయు సభ్యుని ఇష్టము.

ఇచ్చట చిక్కు కలదు. పంపువానికి సభ్యులెవరో తెలియదు. చిరునామా చూచి వారు ఎచ్చట నున్నారో చెప్పుటకు వీలులేదు. మరి రౌటరు ప్యాకెట్టును ఏ దారిన పంపవలెను? దీనికి సమాధానము రెండు ప్రశ్నలలో ఉన్నది. "ఎవరికి కావలెను?" అనునది మొదటి ప్రశ్న. "ఇది ఎచ్చట నుండి వచ్చుచున్నది?" అనునది రెండవ ప్రశ్న.

ఎవరికి కావలెను?

మొదటి ప్రశ్నను ప్రతి రౌటరు తన ప్రక్కనున్న కంప్యూటర్లను అడుగును. ఇట్లు అడుగుటకు గల నిబంధనల సంపుటికి ఐ.జి.ఎం.పి. అని పేరు. 1997లో వెలువడిన దాని రెండవ కూర్పు ప్రకారము సాధారణముగా 125 సెకనులకు ఒకసారి రౌటరు "ఏ సంఘములోనైన సభ్యులు ఉన్నారా?" అని తన వైపు నున్న అందరికిని వినబడునట్లు అడుగును. విన్నవారందరు ఒక్కసారిగా పలికిన గందరగోళమగును గదా! కావున ప్రతి కంప్యూటరు 10 సెకనులకు లోబడి ఏదో ఒక క్షణమును యాదృచ్ఛికముగా ఎంచుకొని వేచియుండును. ఈ లోపల అదే సంఘమునకు చెందిన మరియొకరు బదులు పలికిన యెడల తాను మౌనము వహించును.

ఉపాధ్యాయులకు ఇది పరిచితమైనదే. తరగతిలో "విహారయాత్రకు వచ్చువారు ఉన్నారా?" అని అడిగినచో ఒక్కరు చేయి ఎత్తిన చాలును, బస్సు మాటలాడవలసినదే. ఎందరు అనునది తరువాతి మాట. రౌటరునకును అంతే. సభ్యులు ఒకరైనను, నలుబది మంది అయినను ఆ తీగపై పోవలసినది ఒకే ప్రతి.

రెండు మార్లు అడిగినను బదులు రాకున్న, అనగా 2 × 125 + 10 = 260 సెకనులు గడచినను ఎవరును పలుకకున్న, ఆ సంఘమునకు అచ్చట సభ్యులు లేరని రౌటరు నిశ్చయించుకొని ప్రసారమును ఆపివేయును. కంప్యూటరు హఠాత్తుగా ఆగిపోయినను, విద్యుత్తు పోయినను వృథా ప్రసారము అట్టే కొనసాగక పోవుటకు ఇదియే కారణము. అడుగుట, పలుకుట, పలుకకున్న మరచుట: ఈ మూడింటిపై ఈ ఏర్పాటంతయు ఆధారపడియున్నది.

ఎచ్చట నుండి వచ్చుచున్నది?

ఇక రెండవ ప్రశ్న. సాధారణ ప్యాకెట్టు వచ్చినప్పుడు రౌటరు "ఇది ఎచ్చటికి పోవలెను?" అని చూచును. బహుళ ప్రసార ప్యాకెట్టు వచ్చినప్పుడు దాని పుట్టుక స్థానమును చూచును. ఈ తలక్రిందుల ఆలోచనకు కారణమేమి?

క, ఖ, గ అను మూడు రౌటర్లు త్రిభుజాకారముగా కలుపబడియున్నవి అనుకొనుడు. ఒక తీగ తెగినను రెండవ దారి ఉండునట్లు ఇట్లు కలుపుట వాడుక. ప్రసార మూలము క వద్ద నున్నది. క ఒక ప్యాకెట్టును ఖ, గ లకు పంపినది. ఖ దానిని గ కు పంపినది. గ తనకు వచ్చినదానిని ఖ కు పంపినది. ఆ రెండును మరల క కు పంపినవి. క వాటిని క్రొత్తవిగా భావించి మరల పంపినది! మరుక్షణమున నెట్‌వర్కంతయు ఒకే ప్యాకెట్టు నకళ్ళతో నిండిపోవును.

దీనికి విరుగుడును 1978లో యోగేన్ దలాల్, రాబర్టు మెట్‌కాఫ్ అను ఇరువురు వివరించిరి. వారిలో దలాల్ బొంబాయి ఐ.ఐ.టి.లో చదివినవారు; మెట్‌కాఫ్ ఈథర్‌నెట్టు నిర్మాతలలో ఒకరు. వారి సూత్రము ఇది: "నేను మూలమునకు ఉత్తరము వ్రాయదలచినచో ఏ దారిన పంపుదునో, ఆ దారిన వచ్చిన ప్యాకెట్టునే అంగీకరింతును. వేరొక దారిన వచ్చినదానిని పారవేయుదును." దీనిని ప్రతిలోమ మార్గ పరీక్ష అని చెప్పుకొనవచ్చును.

ఈ సూత్రమును త్రిభుజమునకు అన్వయింపుడు. గ కు మూలము వైపు దగ్గర దారి క–గ తీగ. కావున ఖ నుండి వచ్చిన నకలును గ పారవేయును. అట్లే గ నుండి వచ్చినదానిని ఖ పారవేయును. చుట్టు తిరుగుట ఆగిపోవును. ఏ రౌటరునకును నెట్‌వర్కు మొత్తము పటము తెలియనక్కర లేకుండ, ఎవరి గుమ్మము వద్ద వారు చేసిన చిన్న పరీక్ష వలననే చెట్టు వంటి ఆకారము ఏర్పడును. మూలము వేరు, రౌటర్లు కొమ్మలు, సభ్యులు ఆకులు. చెట్టులో వలయములు ఉండవు గదా!

కూడలి పద్ధతి

తొలి దినములలో ఈ చెట్టును పెంచుటకు వాడిన పద్ధతి, ముందు అందరకును పంపి, అక్కరలేనివారు వలదనగా ఆ కొమ్మలను కత్తిరించుట. అడుగకయే ప్రతి ఊరికి పత్రిక కట్టలు పంపి, తిప్పిపంపిన ఊళ్ళను పట్టిక నుండి తొలగించుట వంటిది ఇది. చిన్న నెట్‌వర్కునకు చెల్లును గాని, పెద్ద నెట్‌వర్కులో వృథా అధికము.

తరువాత వచ్చినది దీనికి విపర్యయము. అడిగిన వారికే పంపుట. ఇందులకు నేడు అధికముగా వాడుకలోనున్న నిబంధనలకు పిమ్ స్పార్స్ మోడ్ అని పేరు. దీనియందు ఒక రౌటరును అందరును ఎరిగిన కూడలిగా నియమింతురు. సభ్యులున్న చివరి రౌటరు "ఈ సంఘపు ప్రసారము నాకు కావలెను" అని కూడలి వైపు నున్న ప్రక్క రౌటరునకు చెప్పును. అది తన తరువాతి దానికి చెప్పును. ఇట్లు కోరిక సభ్యుని నుండి కూడలి వరకు మెట్టు మెట్టుగా ఎక్కును. ఆ అడుగుజాడలలోనే ప్రసారము క్రిందికి దిగును. మూలము వద్దనున్న రౌటరు తనవద్ద క్రొత్త ప్రసారము మొదలైనదని కూడలికి తెలుపును. పంపువాడును, కోరువాడును ఒకరినొకరు ఎరుగకున్నను, ఇరువురును కూడలిని ఎరుగుదురు. పెండ్లి మాటలకు మధ్యవర్తి ఎట్టివాడో, ఇచ్చట కూడలి అట్టిది. ఇరువైపుల వారు కలసిన పిమ్మట మధ్యవర్తితో పని ఉండదు. రౌటర్లును మూలము నుండి దగ్గర దారిని కనుగొని కూడలిని విడువవచ్చును.

కోరిక ఒకసారి చెప్పిన చాలదు. ప్రతి 60 సెకనులకు మరల చెప్పుచుండవలెను. చెప్పుట మానిన కొమ్మ 210 సెకనులకు ఎండిపోవును.

అమర్చిన క్రమము, నేర్చిన పాఠములు

మా కళాశాలలో ఈ అమరికను మా విద్యార్థులే చేసిరి. కంప్యూటరు కేంద్రములో క అను రౌటరు. మూడు భవనములలో ఖ, గ, ఘ అను రౌటర్లు. క, ఖ, గ త్రిభుజముగా కలుపబడినవి. ఘ మాత్రము గ వెనుక నున్నది. ఇంటర్‌నెట్టు నుండి దృశ్యమును ఒక్క కంప్యూటరు మాత్రమే తెచ్చుకొనును. దానిని క వద్దనుండి 239.1.1.1 అను సంఘమునకు ప్రసారము చేయును. కళాశాల వంటి సంస్థలు తమ లోపల వాడుకొనుటకు 239తో మొదలగు చిరునామాలు కేటాయింపబడియున్నవి. కూడలిగా కూడ క నే నియమించితిమి.

చేయవలసిన పని చూచుటకు స్వల్పము. సిస్కో కంపెనీ రౌటర్లలో మూడు ఆజ్ఞలు. మొదటిది "ఐపీ మల్టీకాస్ట్-రౌటింగ్". ఇది రౌటరునకు ఈ విద్యను మేల్కొల్పును. రెండవది "ఐపీ పిమ్ స్పార్స్-మోడ్". దీనిని ప్రతి తీగ తగులు ద్వారము వద్దను విడివిడిగా ఇయ్యవలెను. మూడవది "ఐపీ పిమ్ ఆర్పీ-అడ్రెస్" అని వ్రాసి కూడలి చిరునామాను తెలుపుట. ఇది అన్ని రౌటర్లలోను ఒకే విధముగ ఉండవలెను. ఆజ్ఞలన్నియు ఇచ్చి ప్రసారము మొదలుపెట్టితిమి. క కు ఆనుకొనియున్న గదిలో తప్ప ఏ భవనమునను బొమ్మ రాలేదు.

మొదటి కారణము ప్యాకెట్టు ఆయువు. ప్రతి ప్యాకెట్టు తలభాగమున ఒక సంఖ్య ఉండును. ప్రతి రౌటరు దానిని ఒకటి తగ్గించును. సున్న అయిన ప్యాకెట్టు నశించును. బహుళ ప్రసారము అనుకొనకుండ దూరప్రాంతములకు వ్యాపింపకుండుటకై, పంపువారు వేరుగా చెప్పనంతవరకు ఈ ఆయువు 1 మాత్రమే. మా ప్యాకెట్లు మొదటి గుమ్మము వద్దనే ప్రాణములు విడచుచుండెను. ఆయువును 16 చేసితిమి. గ భవనములో బొమ్మ వచ్చినది. ఖ, ఘ చీకటిగనే ఉన్నవి.

ఘ విషయము తేలికగా తెలిసినది. గ–ఘ తీగకు ఒక వైపు ద్వారములో రెండవ ఆజ్ఞను ఇచ్చుట మరచితిమి. ఘ అడుగుచున్నది, గ కు వినబడుట లేదు.

ఖ మాత్రము రెండు దినములు పట్టినది. పని తగ్గించుకొనుటకు, "ఖ కు గ మీదుగా దారి ఉన్నది కదా, అది చాలును" అని తలచి క–ఖ తీగపై ఆజ్ఞ ఇయ్యలేదు. సాధారణ ఫైళ్ళు క–ఖ మధ్య చక్కగా పోవుచు వచ్చుచుండుటచే తీగపై మాకు అనుమానము కలుగలేదు. ప్రతిలోమ మార్గ పరీక్షను తరగతిలో చెప్పిన నేనే దానిని మరచితిని! ఖ కు మూలము వైపు దగ్గర దారి క–ఖ తీగ. అది తన కోరికను ఆ దారినే పంపజూచును. ఆ దారిపై పిమ్ లేదు గనుక కోరిక పోవుటకు వీలులేదు. గ మీదుగా దారి ఉన్నను అది దాని ముఖము చూడదు. ఆజ్ఞ ఇచ్చిన కొలది సెకనులలో ఖ భవనపు తెరలన్నియు వెలిగినవి. ఈ లోపమును ముందుగా కనిపెట్టినది ఆనాడు ప్రశ్న అడిగిన విద్యార్థియే.

దీనివలన తెలియు నీతి ఇది. బహుళ ప్రసారమునకు తనదైన పటము లేదు. సాధారణ ప్యాకెట్ల దారుల పటమునే తిరగవేసి చదువుకొనును. కావున ముందుగా ఆ దారులు సరిగా ఉండవలెను. పిదప ఆ దారులన్నింటిపైనను పిమ్ ఉండవలెను. ఒక్కటి తప్పినను యంత్రము ఏ హెచ్చరికయు చేయదు, మౌనముగా నుండును. ఇంకొక జాగ్రత్త కూడ కలదు. గదిలోని స్విచ్చి సామాన్యముగా బహుళ ప్రసార ప్యాకెట్టును అన్ని తీగలకును పంపివేయును. ఐ.జి.ఎం.పి. సంభాషణను చెవియొగ్గి వినునట్లు దానిని అమర్చిన యెడల కోరినవారి తీగలకు మాత్రమే పంపును.

2024 ఫిబ్రవరి 17వ తేదీ సాయంకాలము 5 గంటల 35 నిమిషములకు శ్రీహరికోట నుండి జి.ఎస్.ఎల్.వి.-ఎఫ్14 రాకెట్టు ఇన్శాట్-3డి.ఎస్. ఉపగ్రహముతో పైకి లేచినప్పుడు, మూడు భవనములలోను 120 తెరలపై ఆ మంట ఒక్కసారిగా కనబడినది. కళాశాల ఇంటర్‌నెట్టు తీగపై దానికైన భారము 4 మెగాబిట్లు.

ప్రపంచమంతటను ఏల లేదు?

ఇంత లాభమున్న పద్ధతి ఇంటర్‌నెట్టు అంతటను ఏల వ్యాపింపలేదని మీరు అడుగవచ్చును. ప్రయత్నము జరిగినది. 1992 మార్చిలో అమెరికాలోని శాన్ డియాగో నగరములో జరిగిన ఇంటర్‌నెట్టు ఇంజనీర్ల సమావేశపు సంభాషణలను మూడు ఖండములలోని 20 స్థలములకు ఈ పద్ధతిలో వినిపించిరి. ఆనాటి రౌటర్లకు ఈ విద్య రానందున, బహుళ ప్రసార ప్యాకెట్టును సాధారణ ప్యాకెట్టు అను కవరులో పెట్టి వాటిని దాటించిరి. ఈ ఏర్పాటునకు ఎమ్‌బోన్ అని పేరు వచ్చినది.

కాని చిక్కులు కొన్ని ఎదురైనవి. ప్రతి సంఘమును గూర్చి దారిలోని ప్రతి రౌటరు జ్ఞాపకముంచుకొనవలెను. సంఘమునకు ఎవరైనను పంపవచ్చును గనుక, దుర్బుద్ధితో పంపువారిని అరికట్టుట కష్టము. ఒక్క ప్రతి పంపినవానికి వేయి నకళ్ళ ఖర్చును ఏ కంపెనీ ఎవరి వద్ద వసూలు చేయవలెను? దారిలో ప్యాకెట్టు పోయిన యెడల, వేయి మంది ఒక్కసారిగా "నాకు రాలేదు" అని మూలమును అడుగుటకు వీలులేదు. కావున వేరు వేరు యాజమాన్యముల నెట్‌వర్కుల మధ్య, ఎవరైనను పంపదగు పాత పద్ధతిని విడువవలెనని 2020లో ఇంటర్‌నెట్టు ప్రమాణముల సంస్థ సిఫార్సు చేసినది. ఫలానా మూలము నుండి వచ్చినదే కావలెనని సభ్యుడు ముందుగా చెప్పు పద్ధతి అంతకంటె మేలని వారి అభిప్రాయము. దీనికి కూడలి అవసరము కూడ లేదు. నేడు ఇంటర్‌నెట్టులో మనము చూచు చలనచిత్రములు ఊరూర నుంచిన నకలు భాండారముల నుండి ఏక ప్రసారముగనే వచ్చుచున్నవి.

ఒకే యాజమాన్యము క్రిందనున్న నెట్‌వర్కులలో మాత్రము బహుళ ప్రసారము స్థిరపడినది. తీగ ద్వారా టెలివిజను ఛానళ్ళను ఇండ్లకు అందించు టెలిఫోను కంపెనీలు, స్టాకు ఎక్స్ఛేంజీలు దీనిని వాడుచున్నవి.

అందరికి ఒకేసారి

స్టాకు ఎక్స్ఛేంజి ఉదాహరణలో మరియొక విశేషము కలదు. ముంబాయిలోని నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో ప్రతి కొనుగోలు, అమ్మకపు కోరికను క్షణక్షణము సభ్యులకు తెలుపు ప్రసారము 2010 తరువాత కొన్ని సంవత్సరములు ఏక ప్రసారముగా నడచెను. ప్రతి సభ్యునకు ప్రత్యేకమైన కనెక్షను. ప్రతులు ఒకరి తరువాత ఒకరికి వరుసగా పోవును. వరుస అన్నప్పుడు మొదటివాడు, చివరివాడు తప్పరు. సెకనులో వెయ్యవ వంతుకును వెలకట్టు ఆ వ్యాపారములో ముందుగా కనెక్షను పొందినవానికి సమాచారము ముందుగా అందుట ఎంతవరకు న్యాయమని పెద్ద వివాదము రేగినది. అది సెబీ వద్దకును, అప్పీలు ట్రిబ్యునలు వద్దకును పోయినది. ఎక్స్ఛేంజి 2014లో ఈ సమాచారమునకు బహుళ ప్రసార పద్ధతిని ప్రవేశపెట్టినది.

వివాదములోని తప్పొప్పులు మన విషయము కాదు. మనము గమనింపవలసినది ఒక్కటి. ఒకే మాటను వేయి మందికి వేయి మార్లు చెప్పినచో ఆలస్యము కలుగుటయే గాక, వారి మధ్య ముందు వెనుకలు కూడ ఏర్పడును. ఒక్కసారి చెప్పి, దారి చీలిన చోట నకలు తీసినచో ఆ వరుస చాల వరకు మాయమగును. తీగల పొడవులలోని తేడా వలన కలుగు స్వల్ప భేదము మాత్రమే మిగులును.

తరగతిలో చేయదగిన ప్రయోగము

దీనిని తెలుపుటకు కంప్యూటర్లు అక్కరలేదు. ఉపాధ్యాయుడు మూలము. ఏడుగురు విద్యార్థులను రౌటర్లుగా నిలుపుడు: ముందు ఒకరు, వారి వెనుక ఇద్దరు, వారి వెనుక నలుగురు. చివరి నలుగురి వద్ద ఒక్కొక్కరికి నలుగురు చొప్పున 16 మంది సభ్యులు కూర్చుండవలెను. మొదట ప్రతి సభ్యుని పేర ఒక చీటి వ్రాసి పంపుడు. నాలుగు మెట్లలోను మెట్టుకు 16 చొప్పున చీటీలు మొత్తము 64 మార్లు చేతులు మారును. రెండవసారి ఒకే చీటి పంపి, ప్రతి రౌటరు అవసరమైనన్ని నకళ్ళు వ్రాయునట్లు చేయుడు. 1 + 2 + 4 + 16 = 23 మార్లు మాత్రమే. ఒక చివరి రౌటరు వద్దనున్న నలుగురును "మాకు అక్కరలేదు" అన్నచో అది 1 + 2 + 3 + 12 = 18 అగును. పిదప వెనుక వరుసలోని ఇద్దరు రౌటర్ల మధ్య ఒక త్రాడు కట్టి, దానిమీదుగా కూడ చీటీలు పంపుడనుడు. చీటీలు ఎట్లు పెరుగునో, ప్రతిలోమ మార్గ పరీక్షను పాటింపగనే ఎట్లు ఆగునో విద్యార్థులే కనుగొందురు.

ప్రయోగము ముగిసిన పిమ్మట వారిని ఒక ప్రశ్న అడుగుడు: "మూలమునకు తన సభ్యులలో ఒక్కని పేరైనను తెలిసినదా?" తెలియలేదు. అయినను అందరికిని అందినది. ప్రతివాడును తన ప్రక్కవానిని "నీకు కావలెనా?" అని అడిగినాడు, మూలము ఏ వైపున నున్నదో ఎరిగియున్నాడు. బహుళ ప్రసార మార్గముల రహస్యమంతయు ఈ రెండు మాటలలోనే ఉన్నది.